నాలుగు వేల సార్లు మోగిన పాట

డిసెంబరు ఒకటో తేదీ పొద్దున కొట్టు తెరిచేసరికి నా చేతిలో ఉన్నవి ముప్పై ఏడు పాటలు, పది ఖాళీలు, ముప్పై ఒక్క రోజులు. ఇవి కాక వెనక అరలో ఎనిమిది పాత ఫోన్లు ఉన్నాయి. వాటి సంగతి దాచిపెట్టడానికి ఈ కథ రాయడం లేదు కాబట్టి, వరసలో వచ్చినప్పుడు చెబుతాను.

నాది లైట్ల కొట్టు. బల్బులు, స్విచ్చులు, వైర్లు, ఫ్యాన్లు. కొట్టు తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా పాట మోగుతూనే ఉంటుంది. ఏడాది చివరి రోజున, ఆ ఏడు వచ్చిన పాటల్లో మంచివి పది ఏరి, ఒక్కోదానికి రెండు ముక్కలు రాసి ఫోనులో పంపడం నాకు పదకొండేళ్లుగా అలవాటు. మొదట్లో పది మందికి పంపేవాణ్ణి. ఇప్పుడు నూట నలభై మంది. సరుకు పంపే కంపెనీల వాళ్లు, వైరింగు పనివాళ్లు, ఎప్పుడో ఫ్యానుకి కెపాసిటరు కొనుక్కుని మళ్లీ గుమ్మం తొక్కని మనిషి, అందరూ డిసెంబరు ఇరవై దాటగానే "ఈసారి ఏవేంటండీ?" అని మొదలుపెడతారు.

వాళ్లు నన్నెందుకు నమ్ముతారంటే, నా జాబితాలో మొహమాటానికి చోటు లేదు. నాకు వైరు పంపే ఆయన తమ్ముడు ఒక ఏడాది పాటలు పాడి విడుదల చేశాడు. ఆయన రెండుసార్లు ఫోను చేశాడు, ఒకసారి మనిషే వచ్చి కూర్చున్నాడు. నేను పెట్టలేదు. ఆర్నెల్లు మా మధ్య మాటల్లేవు, సరుకు మాత్రం వచ్చేది. ఏడో నెల ఆయనే మెసేజీ పెట్టాడు. "మళ్లీ విన్నాను. మీరే కరెక్టు."

ఏరడానికి ఒక పద్ధతుంది. నా కొట్టులో బల్బు వెలిగించి చూపించాకే చేతికిస్తాను. పాటకీ అంతే. మూడు సార్లు వినాలి. పొద్దున కొట్టు ఊడ్చుకునేటప్పుడు ఒకసారి, నలుగురు కొనేవాళ్లున్న రద్దీలో ఒకసారి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి నడిచి వెళ్లేటప్పుడు చెవిలో పెట్టుకుని ఒకసారి. మూడు చోట్లా నిలబడ్డదే పాట. పైగా ఒక రకానివి రెండుకి మించకూడదు. లేకపోతే అన్నీ సినిమా పాటలే అవుతాయి, నా బతుక్కి ఆ జాబితా ఎందుకు?

డిసెంబరు ఇరవై నాటికి తొమ్మిది తేలాయి. రేవులో బరువులు మోసే నలుగురు పాడిన పాట ఒకటి. అందులో ఒకడు చరణం మరచిపోయి నవ్వుతాడు, ఆ నవ్వుని కోయకుండా వదిలేశారు. బస్సు పాసు పోగొట్టుకున్నవాడు ఒక్కో స్టాపూ నడుస్తూ, ఆ స్టాపు పేరుతోనే తిట్టుకుంటూ పోయే రాప్ ఒకటి. ఒక సినిమా పాట. సినిమా వారంలో పోయింది, పాట పోలేదు. తొంభై దాటిన పెద్దావిడ పాడిన శాస్త్రీయం. పై స్వరం దగ్గర ఆవిడ గొంతు చీలుతుంది, అయినా పక్కనుంచి తప్పుకుపోకుండా ఆ చీలికలోంచే వెళ్లింది. భాష తెలియని పాట ఒకటుంది, పాడే మనిషి తిడుతోందో బతిమాలుతోందో ఇప్పటికీ తెలియదు. అది మోగినప్పుడల్లా వైరింగు పనివాళ్లు బేరం ఆపేస్తున్నారు.

పదో ఖాళీ దగ్గర ఆగిపోయాను. ఇద్దరు అక్కచెల్లెళ్లు వాయించిన రెండు వయొలిన్లు ఉన్నాయి. పంతొమ్మిది నిమిషాలు పోట్లాడుకుని, రాజీపడకుండానే ఆపేస్తారు. మా పక్క కొట్టు రంగులాయనకి వినిపించాను. ఆయనకీ నాకూ ఏ చుట్టరికమూ లేదు. నన్ను లైట్ల బావ అంటాడు కాబట్టి నేను రంగుల బావ అంటాను.

"పంతొమ్మిది నిమిషాలా! ఆ టైములో నేనొక గోడకి ప్రైమరు కొట్టేస్తాను బావా."

"కొట్టి చూడు. పాటా వింటావు, గోడా అవుతుంది."

"పోట్లాట వినడానికి నీ పాటెందుకు? మా ఇంట్లో లేదా?"

పదో ఖాళీకి పోటీగా ఉన్న రెండో పాట మా అమ్మాయిది. ఇక్కడే నా లెక్క దారి తప్పింది.

మా అమ్మాయిని ఇంట్లో అమ్మడు అంటాం. ఇరవై ఆరేళ్లు. చెవి ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తుంది. గాజు అద్దం ఇవతల కూర్చుని, అవతల గదిలో ఉన్న మనిషితో "వినిపిస్తే చెయ్యెత్తండి" అని రోజుకి నలభై సార్లు అంటుంది. ఆ మాటనే పల్లవి చేసి పాట కట్టింది. బట్టల బీరువాలో దుప్పట్లు వేలాడేసుకుని, తలుపు వేసుకుని, అందులోనే నిలబడి రికార్డు చేసింది. అక్టోబరు ఆఖర్లో అందరూ వినేలా నెట్లో పెట్టింది. రెండు వారాలకి తొంభై ఒక్క సార్లు విన్నారు. అన్నం తింటూ ఫోను చూసుకోవడం, బోర్లా పెట్టడం, మళ్లీ తిప్పి చూడడం. ఆ పిల్ల ముఖం చూసి నా ప్రాణం ఊరుకోలేదు.

నేను కొట్టు పెట్టిన కొత్తలో మా అన్నయ్య ఒక పని చేశాడు. ఆరుగురు చుట్టాల్ని పిలిచి, చేతికి తలా ఒక సంచీ ఇచ్చి, వారం రోజులు కొట్టులో నిలబెట్టాడు. మనుషులున్న కొట్టులోకే మనుషులు వస్తారని ఆయన లెక్క. వచ్చారు కూడా. ఆ చుట్టాల్లో మా పిన్ని ఒకావిడ ఉత్సాహం పట్టలేక నిజంగానే మూడు బల్బులు కొనేసింది.

అదే పని నేను పాటకి చేశాను. మా ఇంట్లో మూలపడ్డ ఫోన్లు రెండు, కొట్టులో రెండు, రంగుల బావని అడిగి నాలుగు. మొత్తం ఎనిమిది. వెనక అరలో వరసగా పేర్చి, చార్జింగు పెట్టి, ఒక్కో ఫోనులో రోజుకి పది సార్లు అమ్మడి పాట మోగించాను. ఒకేసారి మోగిస్తే అనుమానం వస్తుందని వేళలు మార్చాను. ఆదివారాలు కూడా వదల్లేదు. నవంబరు ఎనిమిది నుంచి డిసెంబరు ఇరవై ఏడు దాకా యాభై రోజులు. రోజుకి ఎనభై. కొంచెం జనం కనబడితే అసలు జనం వాళ్లే వస్తారని నా ధైర్యం.

ఇరవై ఎనిమిదో తేదీ పొద్దున టిఫిను దగ్గర అమ్మడు ఫోను నా ముందు పెట్టింది.

"నాన్నా, చూడు. నాలుగు వేల నూట పన్నెండు."

"బాగుందమ్మా."

"బాగుండడం ఏంటి నాన్నా, బల్బు వెలిగిందన్నట్టు! నాలుగు వేల సార్లు! మనమెవరో తెలియని వాళ్లు!" వాళ్లమ్మ వైపు తిరిగింది. "అమ్మా, కూర్చో. నేనొకటి చెప్పాలి. ఉద్యోగం మానేస్తున్నా."

మా ఆవిడ చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. "మానేయడం ఏంటే?"

"కాంట్రాక్టు ముప్పై ఒకటితో అయిపోతుంది. ఆ రోజు మూడింటికి పెద్ద డాక్టరుగారు సంతకానికి రమ్మన్నారు. పెట్టను. ఒక ఏడాది పాటలే చేస్తా. ఇంతమంది వింటున్నారని తెలిసినా భయపడి కూర్చుంటే ఇక నేనెప్పుడూ చెయ్యను."

"ఏమండీ, మీరేం మాట్లాడరే?"

నేను నీళ్లు తాగుతున్నాను. గ్లాసులో నీళ్లు ఎప్పుడో అయిపోయాయి, అయినా తాగుతున్నాను.

"నీ జాబితాలో పెడుతున్నావా నాన్నా?" అంది అమ్మడు లేస్తూ.

"ఇంకా తేల్చలేదు."

"తేల్చకపోయినా పర్లేదులే. నాలుగు వేల మంది తేల్చేశారు."

ఆ రోజు కొట్టులో కుదురుగా ఒక్క నిమిషం కూర్చోలేదు. ఫోన్లన్నీ పీకేశాను. ఒకాయన స్విచ్చు అడిగితే హోల్డరు ఇచ్చాను. ఒకావిడకి అదే బల్బు రెండుసార్లు వెలిగించి చూపించాను. "చూశానండీ, వెలిగింది" అని ఆవిడే నాకు చెప్పాల్సి వచ్చింది. కౌంటరు నుంచి వెనక అరకి, అక్కణ్ణుంచి గుమ్మంలోకి, గుమ్మం నుంచి రంగుల కొట్టుకి తిరిగాను. మధ్యాహ్నం ఒంటిగంటకి అమ్మడి ఫోను.

"నాన్నా, పొద్దుటి నుంచి ఒక్కటి కూడా కదల్లేదు. రోజూ ఈపాటికి నలభై దాటుతుంది. ఏమై ఉంటుందంటావ్?"

"నెట్టు ప్రాబ్లమేమో."

"అందరికీనా?"

ఏం చెప్పను? ఫోన్లు మళ్లీ పెడితే పిల్ల ఉద్యోగం మానేస్తుంది. పెట్టకపోతే పిల్ల మనసు విరుగుతుంది, ఆ విరిగిన మనసుతో మొండికేసి అయినా మానేస్తుంది. రంగుల బావ డబ్బాకి మూత బిగిస్తూ తేలిగ్గా అన్నాడు.

"అంత ఇదైపోతావేంటి బావా. పదో నంబరులో ఆ పిల్ల పాట పెట్టెయ్. నూట నలభై మంది వింటారు, వాళ్ల చుట్టాలు వింటారు. అబద్ధం కాస్తా నిజమైపోతుంది."

"ఆ జాబితాలో నేనెప్పుడూ మనవాళ్లని పెట్టలేదు."

"పదకొండేళ్లు పెట్టలేదుగా, ఇప్పుడు ఒక్కసారి పెట్టు. నా రంగుకే ఆరేళ్లు గ్యారంటీ. నీ పేరు ఒక్క పాటకి వెలిసిపోతుందా?"

మాట చాలా నచ్చింది. అదే నన్ను భయపెట్టింది. సాయంత్రం వరకూ ఆ పదో నంబరు దగ్గర రాయడం, కొట్టేయడం. అమ్మడి పాట గురించి రెండు ముక్కలు రాద్దామంటే పెన్ను ముందుకి సాగలేదు. మిగతా తొమ్మిదింటికీ రాయగలిగాను. దీనికెందుకు రాదో అప్పుడు నాకు తట్టలేదు.

మర్నాడు పదకొండింటికి కొట్టు రంగుల బావకి అప్పగించి ఆసుపత్రికి నడిచాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాట పేర్చుకున్నాను. వరండాలో బెంచీల మీద తొమ్మిది మంది ఉన్నారు. అమ్మడు తెల్లకోటులో బయటికొచ్చి నన్ను చూసింది.

"ఏంటి నాన్నా, రద్దీ వేళ కొట్టు వదిలొచ్చావ్?"

పేర్చుకున్న మాట కాస్తా కూలింది. "చెవి... కొంచెం..." అన్నాను.

"అమ్మయ్య! మూడేళ్లుగా చెబుతున్నా చూపించుకోమని. రా, రా." బెంచీ మీద ముందున్న పెద్దావిడతో, "బామ్మగారూ, ఐదు నిమిషాలు. మా నాన్న. మళ్లీ దొరకడు" అంది.

"తీసుకెళ్లమ్మా. మా ఆయనా అంతే" అంది ఆవిడ.

ఆ గది బీరువాకన్నా కొంచెం పెద్దది. గోడలకి మెత్తటి స్పాంజి, మందమైన తలుపు, ఎదురుగా గాజు అద్దం. హెడ్‌ఫోను పెట్టి, తలుపు మూసి వెళ్లింది. మూసిన క్షణం నుంచి నా ఊపిరి నాకే పెద్దగా వినపడింది. అద్దం అవతల కూర్చుని మైకులో మాట్లాడింది. అలవాటు కొద్దీ నాకూ మర్యాద ఇచ్చింది.

"వినిపిస్తే చెయ్యెత్తండి. ఎంత చిన్న శబ్దమైనా సరే."

కూత వచ్చింది, చెయ్యెత్తాను. ఇంకా చిన్న కూత వచ్చింది, ఎత్తాను. తర్వాత ఏమీ రాలేదు. ఏమీ రాకపోయేసరికి కంగారు. నాకే వినపడలేదేమో. కూతురి ముందు పరువు పోతుందేమో. ఎత్తాను. కాసేపాగి మళ్లీ ఎత్తాను.

"నాన్నా."

"ఊఁ."

"ఇప్పుడు నేనేం వినిపించలేదు. రెండుసార్లూ."

"వినిపించినట్టే అనిపించిందమ్మా."

అద్దం అవతల నవ్వింది. "అందరూ ఇంతే. తప్పుతామేమోనని వినపడనివాటిక్కూడా ఎత్తేస్తారు. ఇవి పరీక్ష మార్కులు కాదు నాన్నా. నువ్వు ఊరికే చెయ్యెత్తితే అది నిజమనుకుని నేను నీకు తప్పుడు వినికిడి మిషను పెడతాను. ఇక జీవితాంతం దాంతోనే తిరగాలి."

ఆ మాటతో ఇంక ఆగలేకపోయాను. చెయ్యి కిందకి దించాను.

"అమ్మడూ, ఆ నాలుగు వేలూ నావే."

"ఏం నీవి?"

"నీ పాట. నాలుగు వేల సార్లు. నా కొట్టులోనే మోగింది."

మైకు మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. మొత్తం చెప్పాను. అన్నయ్య నిలబెట్టిన ఆరుగురు చుట్టాలు, ఎనిమిది ఫోన్లు, యాభై రోజులు, ఆదివారాలు. నిన్న ఎందుకు కదల్లేదో కూడా చెప్పాను. పిల్ల రోగి దగ్గర వివరాలు రాసుకుంటున్నట్టు అడిగింది.

"రంగుల అంకులుకి తెలుసా?"

"తెలుసు."

"మిగతా నూట పన్నెండు?"

"అవి నావి కావు."

"వాటిలో సగం నేనే" అంది. "కొట్టులో నా పాటే పెట్టేవాడివా రోజంతా? జనం ఏమనేవాళ్లు?"

ఇక్కడ అబద్ధం ఆడొచ్చు. సులువుగా ఆడొచ్చు. "సౌండు తీసేశానమ్మా. పెద్ద స్పీకర్లో జాబితా పాటలు మోగాలి కదా."

"అన్నీ మూగగానే మోగాయా?"

"అన్నీ."

"మరి నువ్వు ఎన్నిసార్లు విన్నావు నాన్నా?"

"ఒకసారి. నువ్వు పెట్టిన రోజున. వంటింట్లో."

"అప్పుడు మిక్సీ తిరుగుతోంది" అంది.

ఎర్ర దీపం ఆరిపోయింది. అద్దం అవతల తన పెదాలు ఏదో అన్నాయి, నాకు వినపడలేదు. బెంచీ మీది పెద్దావిడ తలుపు తట్టినట్టుంది, అమ్మడు అటు తిరిగి ముఖం తుడుచుకుంది. దీపం మళ్లీ వెలిగింది.

"ఎడమ చెవి బాగానే ఉంది. కుడి చెవిలో సన్న శబ్దాలు కొంచెం తగ్గాయి. ఇప్పుడే మిషను అక్కర్లేదు. తలుపు తోసుకుని రా."

బయటికొస్తే కాగితం చేతికిచ్చింది. మామూలుగా అందరికీ ఇచ్చే కాగితమే. "ఎల్లుండి మూడింటికి సంతకం. అప్పటిలోగా నా పాట నీ పద్ధతిలో విను. మూడు సార్లు."

"జాబితాలో పెట్టమంటావా?"

"పెట్టమనట్లేదు. వినమంటున్నా."

ఆ మధ్యాహ్నం ఇంటికి నడుస్తూ చెవిలో పెట్టుకుని మొదటిసారి విన్నాను. పరీక్షలో వచ్చే కూతలే తాళం. వాటి మధ్య అమ్మడి గొంతు, పాడుతున్నట్టు కాకుండా పక్కన కూర్చుని చెబుతున్నట్టుంది. రెండో చరణంలో ఒక ముసలాయన ఉన్నాడు. ఆయనకేమీ వినపడదు. అద్దం అవతల నిలబడ్డ భార్య ఆయన్ని కాపాడదామని చెయ్యెత్తుతుంది, ఆవిణ్ణి చూసి ఆయన ఎత్తుతాడు. నేను రోడ్డు మీదే ఆగిపోయాను. నా వెనక నడుస్తున్న మనిషి నన్ను గుద్దుకుని, "నడిరోడ్డులో ఈ ఆగడమేంటయ్యా!" అని తిట్టి పోయాడు.

ముప్పయ్యో తేదీ పొద్దున కొట్టు ఊడుస్తూ రెండోసారి విన్నాను. నిలబడింది. పదకొండింటికి రద్దీలో మూడోసారి. అక్కడ పడిపోయింది. ఎందుకు పడిందో తెలియడానికి ఇంకో రెండుసార్లు విన్నాను. మూడో నిమిషంలో ఒక డ్రమ్ము వస్తుంది. ఎక్కడా లోపం లేని డ్రమ్ము, కానీ ఇంకెవరి పాటలోంచో నడిచొచ్చినట్టుంటుంది. అది ఆ ముసలాయన మీద, ఆవిడ చెయ్యి మీద పడి తొక్కేస్తుంది. ఆ వెంటనే వయొలిన్లు పెట్టాను. పంతొమ్మిది నిమిషాలూ నిలబడ్డాయి. మీటరు బోర్డు కోసం వచ్చినాయన, "ఎవరో కొట్టుకుంటున్నారేంటి?" అని అడిగి, చివరిదాకా ఉండి వెళ్లాడు.

ముప్పై ఒకటిన రెండింటికి ఆసుపత్రి క్యాంటీనులో అమ్మడి ఎదురుగా కూర్చున్నాను. రెండు రోజులుగా నాతో మాటల్లేవు. టీ కప్పు చుట్టూ రెండు చేతులూ పెట్టుకుంది, తాగడం లేదు.

"పదో నంబరు వయొలిన్లదే" అన్నాను.

"నాది?"

"పదకొండు."

"నీ జాబితాలో పదకొండు లేదుగా."

"లేదు."

తల ఊపింది. ముక్కు ఎర్రబడింది. లేచిపోతుందనుకున్నాను. లేవలేదు. "ఎక్కడ పోయింది?" అంది.

చెప్పాను. ముసలాయన దగ్గర రోడ్డు మీద ఆగిపోవడం, తిట్లు తినడం, డ్రమ్ము. ఏ క్షణంలో వస్తుందో చెప్పాను. అది లేకుండా ఆ కూతలొక్కటే ఉంటే రద్దీలో కూడా మనిషి తలెత్తుతాడని చెప్పాను. నా కొట్టుకొచ్చే ఏ పనివాడితోనైనా మాట్లాడినట్టే మాట్లాడాను.

"ఆ డ్రమ్ము నాక్కూడా ఇష్టం లేదు" అంది మెల్లగా. "అది లేకపోతే ఎవరూ వినరేమోనని పెట్టా."

"అంటే నువ్వూ పాటలో చుట్టాల్ని నిలబెట్టావన్నమాట."

నవ్వు వచ్చింది తనకి. వెంటనే ఆపుకుంది. "నవ్వించకు నాన్నా. నాకింకా కోపంగానే ఉంది."

"ఉండనీ."

"ఇలాంటి మాటలు నాకు అక్టోబరులో కావాలి. ఎనిమిది ఫోన్లు కాదు."

మూడింటికి లోపలికి వెళ్లింది. పావుగంట. ఆ పావుగంటలో వరండా ఈ చివర నుంచి ఆ చివరికి ఎన్ని అడుగులో లెక్కపెట్టాను. యాభై రెండు. తలుపు తీసుకుని వచ్చి, "ఆర్నెల్లకే పెట్టా సంతకం. తర్వాత చూద్దాం" అంది. అది ఉద్యోగం గురించో నా గురించో నేను అడగలేదు.

ఆ సాయంత్రం జాబితా నూట నలభై మందికీ వెళ్లింది, పదో నంబరులో వయొలిన్లతో. అదే సాయంత్రం అమ్మడు తన పాటని నెట్లోంచి తీసేసింది. నావి నాలుగు వేలు, వాటితో పాటు ఆ నూట పన్నెండూ పోయాయి. ఎనిమిది ఫోన్లలో నాలుగు రంగుల బావకి తిరిగిచ్చాను. "వాడేశావా, ఇంకా ఉందా పని?" అని ఆయన అడిగితే నాకు నవ్వు రాలేదు.

జనవరి ఇరవైన పాట మళ్లీ పెట్టింది, డ్రమ్ము లేకుండా. రెండో చరణంలో ఆవిడ చెయ్యెత్తేచోట ఇప్పుడు ఏ శబ్దమూ లేదు. నాకు షరతులు పెట్టింది. ఒక్క ఫోను, సౌండు ఉండాలి, కూర్చుని వినాలి.

నెలాఖరు రోజుకి యాభై మూడు. అందులో నావి ఐదు. వాళ్లమ్మవి తొమ్మిది, ఏడేనని ఆవిడ అంటుంది. రంగుల బావది ఒకటి, అది కూడా సగమే విన్నానని తనే చెప్పాడు. ఆసుపత్రి వాళ్లవి పన్నెండు. అమ్మడు ఈసారి ఒక్కసారి కూడా పెట్టుకోలేదట. ఇవన్నీ తీసేస్తే ఇరవై ఆరు మిగిలాయి. ఆ ఇరవై ఆరూ ఎవరివో ఇంట్లో ఎవరికీ తెలియదు.